కోతకు ముందు ఒక్క పరీక్ష: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. క్యాన్సర్‌లా, టీబీలా కనిపించి మోసం చేసే ఐజీజీ4 సంబంధిత వ్యాధికి పరీక్ష, మందు అందేలా చూడమని అడగడానికి ఈ లేఖ. మా బాపు వరంగల్ జిల్లాలో పత్తి రైతు. వయసు 62. నిరుడు ఆయనకు క్లోమంలో (ప్యాంక్రియాస్‌లో) క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్‌కు తారీఖు కూడా ఇచ్చారు. క్లోమం తలభాగం, పిత్తాశయం, చిన్నపేగు మొదలు తీసేసి, మిగిలినవి తిరిగి కుట్టే విప్పుల్ ఆపరేషన్ అది. ఇంకా నాలుగు రోజులుందనగా వేరే డాక్టరు గారొకరు బాపు దవడల కింద చెయ్యిపెట్టి చూసి, "ఈ గడ్డలు ఎన్నాళ్ల నుంచి ఉన్నయి పెద్దాయనా?" అని అడిగారు. అప్పటిదాకా పొట్ట చూసినవాళ్లెవరూ దవడ చూడలేదు.

ఆ గడ్డలు రెండేళ్ల నాటివి. మొదట గవదబిళ్లలన్నారు. అరవై ఏళ్ల మనిషికి గవదబిళ్లలేంటని ఊళ్లో నవ్వుకున్నారు కూడా. తర్వాత పట్నంలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే టీబీ క్రిమి కనిపించలేదు. "దీర్ఘకాలిక వాపు" అని ఒక్క మాట రాసి ఇచ్చారు. అయినా టీబీ మందులు మొదలయ్యాయి. మూత్రం నారింజ రంగులో పోతుంటే మందు పనిచేస్తోందని బాపు సంబరపడ్డాడు. గడ్డలు మాత్రం కదల్లేదు. కోర్సు పూర్తికాకముందే కళ్లు పచ్చబడితే మందులు పడలేదని ఆపేశారు. మా మేనత్త పొద్దున్నే పరగడుపున పసరు పోయించింది. ఆమె తప్పు లేదు, కామెర్లంటే మా దగ్గర మొదట గుర్తొచ్చేది పసరే. చివరికి స్కాన్ తీయిస్తే క్లోమం ఉబ్బి, పిత్తనాళం నొక్కుకుపోయి ఉంది.

ఇది ఐజీజీ4 సంబంధిత వ్యాధి అని మాకు ఆ తర్వాత తెలిసింది. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే ఐజీజీ యాంటీబాడీలు నాలుగు రకాలు. అందులో నాలుగోది మామూలుగా నూటికి 5 లోపే ఉంటుంది. ఈ జబ్బులో దాన్ని తయారుచేసే కణాలు ఏ అవయవంలోనో గుంపుకట్టి వాపు తెస్తాయి. తర్వాత అక్కడ మచ్చ కణజాలం పేరుకుపోతుంది. మైక్రోస్కోపు కింద ఆ పీచు ఈతచాప అల్లికలా కనిపిస్తుందట. క్లోమం, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మహాధమని చుట్టూ ఉన్న కణజాలం, దేన్నీ వదలదు. ఒక చోట చల్లారితే ఇంకోచోట లేస్తుంది. గడ్డలకు ఒక డాక్టరు, కామెర్లకు ఒక డాక్టరు, షుగర్‌కు ఒక డాక్టరు. బాపు మాత్రం ఒక్కడే.

వైద్యులను నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. 2001లో జపాన్ పరిశోధకులు ఒక రకం క్లోమవాపు ఉన్నవాళ్ల రక్తంలో ఐజీజీ4 పెరిగి ఉండటం గమనించేదాకా దీని ఆనవాలే ఎవరికీ చిక్కలేదు. విడివిడి జబ్బులుగా వందేళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్నవి కొన్ని ఒకే జబ్బు కొమ్మలని ఆ తర్వాత తేలింది. రక్తపరీక్ష ఒక్కటే చాలదు కూడా. కొందరిలో జబ్బు ఉండీ రక్తంలో ఐజీజీ4 మామూలుగానే ఉంటుంది, వేరే జబ్బుల్లోనూ పెరగొచ్చు. అనుమానం ఉన్నచోట ముక్క పరీక్షలో ఐజీజీ4 కణాలకు రంగు పట్టించి లెక్కపెట్టాలి.

మా బాపు ముక్క అప్పటికీ మొదటి ల్యాబులోనే ఉంది. మైనంలో పోసిన చిన్న బ్లాకు, అగ్గిపెట్టెలో సగం ఉంటుందేమో. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఎండకు కరుగుతుందేమోనని బస్సులో కిటికీ పక్క సీటు కూడా వద్దని, నేనే హైదరాబాద్ తీసుకెళ్లాను. అదే ముక్కకు ఆ రంగు పరీక్ష చేస్తే జవాబు వచ్చింది. ఏడాదికి పైగా ఆ జవాబు ఒక అలమారలో కూర్చుని ఉంది.

ఆపరేషన్ రద్దయింది. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండు వారాల్లో కళ్లు తెల్లబడ్డాయి, దవడ గడ్డలు చేతికి చిక్కనంత తగ్గాయి. అలాగని ఊహ మీద స్టెరాయిడ్ ఇచ్చేయమని నేననడం లేదు. అది నిజంగా టీబీ అయితే స్టెరాయిడ్‌తో ముదురుతుంది, క్యాన్సర్ అయితే విలువైన కాలం పోతుంది. అందుకే పరీక్ష కావాలంటున్నాను.

మన ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో రోగి ఊళ్లోనే ఉంటాడు, నమూనా ప్రయాణం చేస్తుంది. మంచి పద్ధతి. రక్తంలో ఐజీజీ4 పరీక్షను ఆ జాబితాలో ఉంచండి. ముక్క పరీక్షకు రాష్ట్రంలో ఒక్క పెద్ద ల్యాబు చాలు, జిల్లాల నుంచి బ్లాకులు అక్కడికి వెళ్లే ఏర్పాటు ఉంటే. టీబీ క్రిమి దొరకని గడ్డకు, క్యాన్సర్ కణం దొరకని క్లోమం వాపుకు ఈ పరీక్ష గుర్తుచేస్తూ బోధనాసుపత్రులకు ఒక సర్క్యులర్ పంపడానికి ఖర్చెంతవుతుంది?

మందుల సంగతి వేరు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిక, ప్యాకేజీ లెక్కన నడుస్తుంది. ఈ జబ్బు మనిషిని మంచాన వేయదు, ఏళ్ల తరబడి ఓపీ చుట్టూ తిప్పుతుంది. స్టెరాయిడ్ చవకే. దాన్ని తగ్గిస్తూ పోతే చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ అవసరపడుతుంది. దానికి దాదాపు సరిసమానమైన మందును (బయోసిమిలర్‌ను) 2007లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థే. మన ఊరి కంపెనీ మందు మన ఊరి రోగికి ఆరోగ్యశ్రీలో ఈ జబ్బు పేరు మీద అందాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఈ జబ్బుకే ప్రత్యేకంగా ఇనెబిలిజుమాబ్ అనే మందును ఆమోదించింది. అంత దూరం నేను అడగడం లేదు.

2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ హోదా ఉంది. ఆ విధానం చూపు ఎక్కువగా పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధుల మీదే. ఆ పిల్లలకు దక్కేది తగ్గించమని ఏ కూతురూ అడగదు. నిమ్స్‌లోనే నెలకో రోజు రుమటాలజీ (కీళ్లు, రోగనిరోధక జబ్బులు), గ్యాస్ట్రో (జీర్ణకోశం), పాథాలజీ (ముక్క పరీక్ష) వైద్యులు ఒకే గదిలో కూర్చుని ఇలాంటి రోగులను చూస్తే, వచ్చినవాళ్ల పేర్లు ఒక రిజిస్టర్లో ఎక్కిస్తే, మన రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారో మొదటిసారి ఒక లెక్క మొదలవుతుంది.

బాపు ఇప్పుడు రోజుకు 5 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మీద ఉన్నాడు. మొహం ఇంకా కాస్త ఉబ్బే ఉంది, షుగర్‌కు ఇన్సులిన్ నేనే వేస్తాను. పోయిన వారం పత్తి చేనుకు వెళ్లొచ్చాడు. ఆ మైనపు బ్లాకు మా బీరువాలో భద్రంగా ఉంది. మీ అధికారులు ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
వరంగల్ జిల్లా నుంచి ఒక రోగి కూతురు