క్షిపణి వార్తల్లో కిలోమీటర్లే సరిపోవు

సంపాదకులకు నమస్కారం.

యుద్ధవిమానం నుంచి మరో విమానంపై ప్రయోగించే క్షిపణులు అస్త్రను, రష్యా ఆర్-73ను వార్తల్లో తరచూ ఒకే గాటన కడుతున్నారు. మన హైదరాబాద్ డీఆర్‌డీఎల్ (రక్షణ పరిశోధనశాల) రూపొందించిన అస్త్ర రాడార్ సీకర్‌తో (లక్ష్యాన్ని పసిగట్టే ముందుభాగపు కన్నుతో), కంటిచూపు దాటిన దూరానికి వెళ్లేది. ఆర్-73 వేడిని పసిగట్టి దగ్గరి పోరులో వెంటాడేది.

ఈ రెండో రకంలో అసలు కథంతా సీకర్‌దే. 1958లో తైవాన్ జలసంధిపై తొలిసారి పోరులో వాడిన అమెరికా క్షిపణి సైడ్‌వైండర్‌లో చల్లబరచని లెడ్ సల్ఫైడ్ సెన్సార్ ఉండేది. దానికి ఆనేది ఇంజిన్ వెనుక గొట్టం వేడి ఒక్కటే. అందుకే పైలట్ శత్రువు తోక వెనక్కి చేరాల్సి వచ్చేది. ఎదురుగా సూర్యుడుంటే క్షిపణి అటే మళ్లేది. సైడ్‌వైండర్‌లోనే తర్వాతి రకమైన ఏఐఎం-9ఎల్‌లో ఆర్గాన్ వాయువుతో చల్లబరచిన ఇండియం యాంటిమొనైడ్ సెన్సార్ వచ్చాకే ఎదురొచ్చే విమానమూ చిక్కింది. ఆర్-73 దానికి హెల్మెట్ గురిని (పైలట్ తల తిప్పిన వైపే గురిపెట్టడాన్ని), చురుగ్గా మలుపు తిరిగేందుకు మోటారు మంటనే పక్కకు మళ్లించే రెక్కలను జోడించింది.

ఇక పరిధి. మోటారు మండేది కొన్ని సెకన్లే. తర్వాత ప్రతి మలుపూ వేగాన్ని తినేస్తుంది. ఆర్-73కు చెప్పే 30 కిలోమీటర్లు ఎత్తులో, ఎదురొచ్చే లక్ష్యానికి వర్తించే లెక్క. కింది గాలిలో, పారిపోయే విమానం వెంటపడితే అది ఎన్నో రెట్లు తగ్గుతుంది. దయచేసి అంకె పక్కనే ఎత్తు, దిశ కూడా అచ్చువేయండి.

— ఒక పాఠకుడు, కంచన్‌బాగ్, హైదరాబాద్