వంతెన కింద నడిచేవారి సంగతి?

సంపాదకులకు నమస్కారం.

శ్రీనివాస సేతు అనే పైవంతెన వచ్చాక తిరుమలకు వెళ్లే కార్లు తిరుపతి ఊరిలో చిక్కుకోకుండా కపిలతీర్థం వైపు సాగిపోతున్న మాట నిజమే కానీ, వంతెన ఎక్కని జనం గురించి ఆలోచన అంతగా సాగినట్లు కనిపించదు. రైల్వేస్టేషన్ నుంచి ఆర్టీసీ బస్టాండుకు నడిచిపోయేంత దూరమే ఉన్నా, గుండు చేయించుకున్న పిల్లలను చంకనెత్తుకుని, నెత్తిన సంచులతో వచ్చే యాత్రికులు కాలిబాటపై అడ్డంగా నిలిపిన బైకులను తప్పించుకుంటూ ఆటోల మధ్యనుంచే నడవాల్సి వస్తోంది. వాహనాలకు కాక మనుషుల రాకపోకలకు పెద్దపీట వేయాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిచోటా కొన్నాళ్లకే కొత్త వాహనాలు చేరి మళ్లీ ఇరుకవడం మనం చూస్తున్నదే. పైగా గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులను ఇంకెంతని వెడల్పు చేయగలం?

తిరుమల ఘాట్‌రోడ్డుపై 2022లో విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. అంత నిటారు దారి ఎక్కగలిగినవి తిరుచానూరుకూ, రేణిగుంట జంక్షన్‌కూ, విశ్వవిద్యాలయాలకూ తరచుగా తిరగలేవా? పాత వీధులకు చిన్న బస్సులైతే మేలు. రేణిగుంట, కరకంబాడి దారుల్లో లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే బస్సులు పక్కకు ఆగే బస్‌బేకు, కాలిబాటకు, వాననీటి కాలువకు స్థలం విడిపించాలని, ప్లాట్లు అమ్ముడుపోయాక భూసేకరణ అంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుందని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) అధికారులు గమనించాలని మనవి.

– ఒక పాఠకుడు, తిరుపతి