అడ్వెంట్ నుంచి అడ్వెంట్ దాకా: మన తెలుగు సహవాసం వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

లెక్కలు జనవరి నుంచి డిసెంబర్ దాకా రాయడం మన అలవాటు. ఈసారి మాత్రం నివేదికని 2024 డిసెంబర్ 1 నుంచి, అంటే క్రిస్మస్ ముందరి అడ్వెంట్ కాలం మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టాను. ఇంగ్లండ్‌లో మనం వెళ్ళే ఈ ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) పారిష్ చర్చికి కొత్త సంవత్సరం ఆ రోజే. బల్ల మీద గుడ్డ ఊదారంగుకి మారుతుంది, పాఠాల పట్టికలో సువార్త మారుతుంది. మత్తయి, మార్కు, లూకా మూడేళ్ళకోసారి వంతులవారీగా వస్తాయి. ఈ ఏడాది వంతు లూకాది.

మీకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఒక్కటే: ఈ ఏడాది మన పేర్లు రోటాలో, అంటే చర్చి పనుల వంతుల పట్టికలో, ఎక్కాయి. ఇన్నాళ్ళూ వెనక వరసల్లో కూర్చుని, దీవెన అవ్వగానే కార్ పార్కింగ్‌కి నడిచేవాళ్ళం. ఇప్పుడు పాఠం చదవడం, విజ్ఞాపన ప్రార్థన నడిపించడం, గుమ్మం దగ్గర పుస్తకాలివ్వడం, ఆరాధన తర్వాత కాఫీ... అన్నింట్లోనూ మనవాళ్ళున్నారు.

కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం ఆదివారం వరస చెబుతాను. పొద్దున ఎనిమిదికి 1662 ప్రార్థన పుస్తకం ప్రకారం సంస్కారపు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే) ఆరాధన. పాటలుండవు, పాత ఇంగ్లీషు, వచ్చేది కొద్దిమంది. వాళ్ళూ ఒకరికొకరు దూరంగా కూర్చుంటారు. మొదట్లో నాకది పట్టింపులా అనిపించింది. రెండు మూడుసార్లు వెళ్ళాక ఆ నిశ్శబ్దం కోసమే వస్తారని అర్థమైంది. పది గంటలకి పెద్ద ఆరాధన. అది 2000లో వచ్చిన కామన్ వర్షిప్ క్రమం. క్వయర్, పిల్లలు, సందడి అంతా అప్పుడే. నెలకోసారి సాయంత్రం ఎవెన్‌సాంగ్, అంటే పాటలతో సాయంకాల ప్రార్థన, ఉంటుంది. దానికి మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు మించి రావడం లేదు. మరియ పాట, సుమెయోను పాట క్వయర్ పాడుతుంటే వినడానికైనా ఒకసారి రండి.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నుంచి వచ్చినవాళ్ళకి ఈ క్రమం కొత్తేమీ కాదు. అయ్యగారు మొదటి మాట అనగానే జవాబు తెలుగులో నాలుక మీదికి వచ్చేస్తుంది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ మన దోర్నకల్ అజరయ్యగారే, 1912లో. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ అయ్యారు. ఈసారి ఆ తేదీ శనివారం పడింది కాబట్టి మర్నాడు విజ్ఞాపనల్లో సీఎస్ఐ కోసం ప్రార్థించి, మనమొక కీర్తన పాడాం. తబలా లేదు, ఆర్గన్ వాయించే ఆయనకి మన వరస అంతుపట్టలేదు. ఆయన రెండో చరణానికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అప్పట్నుంచి బాగా కుదిరింది.

ఎలక్టొరల్ రోల్ (చర్చి ఓటర్ల జాబితా) విషయంలో ఈ ఏడాది టెన్షన్ పడ్డాం. ఈ జాబితాని ఆరేళ్ళకోసారి మొత్తం కొట్టేసి కొత్తగా రాస్తారు. 2019 తర్వాత మళ్ళీ 2025లోనే. పాత పేర్లు వాటంతటవే రావు, అందరూ ఫారం నింపాల్సిందే. "మాది ఉందిలెండి" అని ఊరుకున్న రెండు కుటుంబాల పేర్లు ఎగిరిపోయాయి. మాది సీఎస్ఐ, మాది లూథరన్ సంఘం అనుకుని కొందరు వెనకాడారు కూడా. సీఎస్ఐ వాళ్ళకి అడ్డేమీ లేదు, రెండు సంఘాలకీ సంస్కారపు సహవాసం ఉంది. లూథరన్, బాప్టిస్టు సంఘాల నుంచి వచ్చినవాళ్ళు కూడా త్రిత్వాన్ని నమ్మే సంఘ సభ్యులై, ఆరు నెలలుగా ఇక్కడ ఆరాధిస్తుంటే చేరవచ్చు. వయసు పదహారు నిండాలి, బాప్తిస్మం అయి ఉండాలి. మే నెలాఖరులోపు జరిగే వార్షిక సభలో చర్చి కౌన్సిల్‌కి ఓటు వేయాలంటే ఇందులో పేరుండాలి. ఎగిరిపోయిన పేర్లు మళ్ళీ చేర్చడానికి ఫారాలు నా దగ్గరున్నాయి.

మార్చి 30 గురించి దాచేదేముంది. ఆ రోజు మదరింగ్ సండే, లెంట్‌లో (ఈస్టర్ ముందరి ఉపవాస కాలంలో) నాలుగో ఆదివారం. పిల్లలు చిన్న చిన్న పూలగుత్తులు తెచ్చి తల్లులకిస్తారు. లెంట్ అంతా పూలు లేని చర్చిలో ఆ ఒక్క రోజు పూల వాసన వేస్తుంది. అదే తెల్లవారుజామున గడియారం గంట ముందుకి జరిగింది. మన సగం కుటుంబాలకి అది గుర్తులేదు. పట్టుచీరలు కట్టుకుని, పిల్లల్ని తయారుచేసుకుని, పదికి ఐదు నిమిషాల ముందే వచ్చామన్న గర్వంతో తలుపు తోసేసరికి లోపల సంస్కారం నడుస్తోంది. పాఠం చదవాల్సింది నేనే. నా బదులు వార్డెన్‌గారు చదివారట. పూలగుత్తులు మాత్రం మనవాళ్ళ కోసం పక్కన పెట్టి ఉంచారు.

రెండో పొరపాటు కాఫీ బల్ల దగ్గర. మన వంతు రోజున అసలైన చాయ్ తాగిద్దామని నీళ్ళు కాచే పెద్ద అర్న్‌లోనే పాలు, పొడి, అల్లం, ఏలకులు వేసేశాం. అడుగున కాయిల్‌కి పాలు అంటుకుని మాడిపోయాయి. హాలంతా మాడు వాసన. ఆ మధ్యాహ్నం ముగ్గురం వెనిగర్ పోసి తోమాం. అయినా తర్వాత మూడు ఆదివారాలు కాఫీలో ఏలకుల వాసన వచ్చింది, ఒకావిడ మాత్రం అదేం కాఫీయో బాగుందని అడిగారు. ఇప్పుడు ఇంట్లో కాచి ఫ్లాస్కుల్లో తెస్తున్నాం.

మన పిల్లలు ఇద్దరు గంటలు కొట్టడం నేర్చుకుంటున్నారు. ఊళ్ళో మొదటి గంట, రెండో గంట అని ఒకే గంట విని పెరిగాం. ఇక్కడ ఆరు గంటలు, ఒక్కొక్క తాడుకి ఒక్కొక్క మనిషి. రాగం ఉండదు, వరస మారుతూ పోతుంది. ఆరు గంటలకి 720 వరసలు వస్తాయి. తాడు మీద ఉన్న బొచ్చు పిడిని పట్టుకోవడం కన్నా సమయానికి వదలడమే కష్టమంటున్నారు పిల్లలు.

అక్టోబర్‌లో హార్వెస్ట్, అంటే కోతల పండగ. ఇక్కడ కొత్త పంటకి బదులు ఫుడ్‌బ్యాంక్‌కి డబ్బాలు, పాస్తా పాకెట్లు పెడతారు. మనం గుమ్మడికాయలు, ఒక సొరకాయ తెచ్చి ఊళ్ళోలా వేలం పెట్టాం. దేవుడికిచ్చినదాన్ని మళ్ళీ కొనుక్కోవడమేమిటని మొదట వింతగా చూశారు. సొరకాయ దగ్గరికొచ్చేసరికి వికార్‌గారే (ఇక్కడి పాస్టరు) పాట పెంచుతూ పోయారు. వండటం ఎలాగో అడిగితే మన అక్క ఒకరు చెప్పి పంపారు.

డబ్బు లెక్క కోశాధికారి విడిగా పంపుతారు. ఒక్క మాట: ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ ఫారం ఇస్తే మనమిచ్చే ప్రతి పౌండుకీ ప్రభుత్వం నుంచి చర్చికి 25 పెన్నీలు అదనంగా వస్తాయి. సంతకం పెట్టడానికి అర నిమిషం పడుతుంది. కానుక కవరు మీద పేరు రాయకుండా వేస్తున్నవాళ్ళు గమనించండి.

2025 నవంబర్ 30న మళ్ళీ అడ్వెంట్, ఈసారి మత్తయి వంతు. కొత్త రోటా హాలు తలుపుకి అంటించి ఉంది. విజ్ఞాపనల దగ్గర రెండు గడులు ఖాళీ. వచ్చే ఏడాది గడియారం జరిగేది మార్చి 29న, అది మట్టల ఆదివారం. పదింటికి చర్చి బయటినుంచి మట్టలతో ఊరేగింపు. శనివారం రాత్రి తొమ్మిదికి ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తాను, దయచేసి ఎత్తండి.

మీ కార్యదర్శి