డిమెన్షియా ఇళ్లలో అన్నం పెట్టే తీరు

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో అద్దె ఇళ్లలో పది పన్నెండు పడకలతో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) సంరక్షణ కేంద్రాలు నడుస్తున్నాయి. అమ్మానాన్నల్ని చేర్చేవారు ముందుగా భోజనాల వేళకు వెళ్లి చూడాలి. జబ్బు ముదిరితే మింగడం కష్టమవుతుంది. పడుకోబెట్టి గబగబా ముద్దలు కుక్కితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు మెత్తటి పప్పన్నం పెట్టి, గొంతు కదిలి మింగారని చూశాకే రెండో చెంచా పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. ఒక్కొక్కరికి ముప్పావు గంట పట్టినా పట్టవచ్చు. ఎనిమిది మందికి ఒకే ఆయా ఉంటే ఇదెలా కుదురుతుంది?

సాయంత్రం అలజడి పెరగగానే మత్తు మాత్ర వేసేయడం ఇంకా ఘోరం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పంటి నొప్పి ఉన్నాయేమో ముందు చూడాలి. నొప్పని చెప్పలేక వాళ్లు అరుస్తారు, దుప్పటి నలుపుతారు. పైగా అలజడి తగ్గించడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక రోగాలకు వాడే) మందులతో వీరికి పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

మంచం పట్టినవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమ దగ్గర ఎర్రబడిన చర్మం వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే.

అధికారులు రాత్రి 10 దాటాక తనిఖీకి వెళ్లాలి. మందుల రిజిస్టరుతో పాటు బరువుల పుస్తకమూ అడగాలి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే వెంటనే డాక్టరును పిలవాలి.

- వృద్ధుల సంరక్షణ నర్సులు, హైదరాబాద్