ఐదు గంటలు అమ్మ పక్కనే కూర్చున్న మత్తు డాక్టరు గారికి

అమ్మ ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. ఇప్పుడు కొట్టు వెనక వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది, వద్దంటే వినదు. ఈ కృతజ్ఞతలు అప్పుడే రాయాల్సింది. సిగ్గేసి వాయిదా వేస్తూ వచ్చాను. సిగ్గెందుకో మీకే తెలుస్తుంది.

మొన్న డిసెంబరులో, భవానీ దీక్షల విరమణ రోజుల్లో, రాత్రి పదకొండింటికి అమ్మకు పాత హెర్నియా బిగుసుకుపోయింది. ఆగని వాంతులు. విజయవాడ వన్‌టౌన్‌లో మా సందు దాటితే చాలు, రోడ్డు నిండా ఎర్రబట్టల జనం. ఒక ఆటో తమ్ముడు "అమ్మగారిని వెనక పడుకోబెట్టండి, దారి నేను చూసుకుంటా" అని ఏ సందుల్లోంచి తిప్పాడో గానీ సూర్యారావుపేటలో ఆస్పత్రి ముందు దింపాడు. ఐదొందలిస్తే మూడొందలు వెనక్కిచ్చాడు.

ఒంటిగంట దాటాక ఆపరేషన్ మొదలైంది. రెండున్నరకు సర్జన్ గారు బయటికొచ్చి పేగు బాగానే ఉందన్నారు. అమ్మ మాత్రం బయటికి రాలేదు. కాసేపటికి మత్తు డాక్టరు గారు వచ్చారు. "గుండె, బీపీ బాగున్నాయి. కానీ అమ్మగారు ఇంకా సొంతంగా ఊపిరి తీసుకోవట్లేదు, వెంటిలేటర్ మీద ఉంచాం" అని, వెంటనే, "మీరు వైశ్యులా?" అని అడిగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికొస్తే కులం అడుగుతారా, డోసు ఎక్కువిచ్చి ఇప్పుడు కబుర్లు చెబుతారా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆవిడ గొంతు పెంచలేదు. "మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఆలస్యంగా లేచారా? కనుక్కుని చెప్పండి" అని లోపలికెళ్లిపోయారు.

తెనాలి అత్తయ్యకు ఫోన్ చేశాను. పదకొండేళ్ల కిందట మావయ్యకు అపెండిక్స్ తీసినప్పుడు తెల్లారేదాకా ఊపిరి మిషన్ మీదే ఉంచారట. అది వేరే ఊళ్లో, వేరే ఆస్పత్రి. "ఒంట్లో బలహీనం" అని చెప్పి పంపేశారు. డిశ్చార్జి కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ఆ ఒక్క ముక్క ఉండి ఉంటే మాకు ఈ రాత్రి వచ్చేది కాదు. ఆ సంగతి తల్చుకుంటే నాకిప్పటికీ కోపమే.

సంగతేమిటో డాక్టరు గారు మూడింటికి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. కడుపు నిండా నీరు, వాంతులు ఉన్నవాళ్లకు గొంతులో ట్యూబు క్షణాల్లో వెయ్యాలి, లేకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకు వాడే మందు సక్సినైల్ కోలిన్, ఆస్పత్రుల్లో స్కోలిన్ అంటారు. నిమిషంలో ఒంట్లో కండరాలన్నీ వదులైపోతాయి. మామూలుగా ఐదు పది నిమిషాల్లోనే రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. దాని పేరు బ్యుటిరిల్ కోలినెస్టరేజ్. నాకు నోరు తిరగడానికి రెండ్రోజులు పట్టింది. అమ్మ రక్తంలో అది దాదాపు లేదు, పుట్టుకతోనే. అదేం జబ్బు కాదు. ఈ మందు ఒంట్లోకి వెళ్లనంతవరకు దాని లోటు తెలియనే తెలియదు. అరవై రెండేళ్లు అమ్మకు తెలియలేదు కదా.

నన్ను భయపెట్టింది ఆ తర్వాతి మాట. నిద్రమందు దాని టైముకి దిగిపోతుంది, కండరాలు మాత్రం కదలవు. అంటే మనిషికి లోపల మెలకువ వచ్చినా కనురెప్ప కూడా ఎత్తలేడు. అందుకే ఆవిడ నిద్రమందు ఆపకుండా ఇస్తూ, అమ్మ మణికట్టు దగ్గర చిన్న మిషన్‌తో కరెంటు తగిలిస్తూ, బొటనవేలు కదులుతుందేమోనని చూస్తూ కూర్చున్నారు. నైట్ డ్యూటీ సిస్టర్ మధ్యమధ్యలో అమ్మ చెవి దగ్గరకు వంగి "మామ్మగారూ, మీ అబ్బాయి బయటే ఉన్నాడు, భయం లేదు" అని చెప్పడం అద్దంలోంచి చూశాను. అమ్మకు ఆ రాత్రి ఒక్క నిమిషం కూడా గుర్తు లేదు. సిస్టర్ గారూ, డాక్టరు గారూ, అంతకన్నా మాకేం కావాలి.

ఏడింటికి వేలు కదిలింది. ఏడున్నరకు ట్యూబు తీశారు. అమ్మ అడిగిన మొదటి మాట, "కొట్టు తీశారా?"

మరి ఆ కులం ప్రశ్న సంగతి. ఈ ఎంజైము లోటు మా వైశ్యుల్లో మిగతా జనం కన్నా చాలా ఎక్కువ. జీన్‌లో ఒక్క అక్షరం మారి, ఎంజైములో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంటుందని 2006లోనే కనిపెట్టారు. ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే ఒక్కరిలో ఉన్న మార్పు వేలమందికి పాకుతుంది. మా ఒక్కళ్ల కథే కాదిది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ తంగరాజ్ గారు, హార్వర్డ్ డేవిడ్ రీచ్ గారి బృందం 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఇలాంటి చరిత్రే గట్టిగా కనిపించింది. మేం పెనుగొండ అమ్మవారినీ 102 గోత్రాలనూ చెప్పుకుని, గోత్రం వేరైతే చాలనుకుని సంబంధాలు కలుపుకున్నాం. ఈ జీన్ గోత్రం చూడదు.

తర్వాత ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించమన్నారు. ల్యాబ్ కుర్రాడు చీటీ చూసి కంగారుగా "ఎవరు తాగారండీ పురుగుమందు?" అన్నాడు. మన వైపు ఈ పరీక్ష ఎక్కువగా రాసేది ఆ కేసులకేనట, కొన్ని పురుగుమందులు ఇదే ఎంజైమును దెబ్బతీస్తాయి. విషయం చెబితే నవ్వి, ఆదివారమైనా మా ఎనిమిదిమందికీ ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. అతనికీ థాంక్స్. మావయ్యకు దాదాపు లేదు, అమ్మలాగే. నాకు సగం. గుంటూరులో ఉన్న చెల్లికీ దాదాపు లేదు. అమ్మ నుంచి ఒక చెడ్డ కాపీ మా ఇద్దరికీ తప్పదు, నాన్న నుంచి రెండోది చెల్లికే వెళ్లినట్టుందని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

అప్పటికే చెల్లికి గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ జనవరికి ఖాయమై ఉంది. టెన్షన్ పడొద్దు, వేరే మందులున్నాయి అని చెప్పి డాక్టరు గారు ముగ్గురికీ కార్డులు రాసిచ్చారు: స్కోలిన్, అదే ఎంజైము విరగ్గొట్టే మివాక్యూరియం అనే ఇంకో మందు ఇవ్వకూడదు, కారణం ఇదీ అని. గుంటూరులో మత్తు డాక్టరు గారు ఆ కార్డు చదివి, విజయవాడకు ఫోన్ చేసి మాట్లాడి, రోక్యురోనియం అనే మందు వాడారు. చెల్లి ఎప్పటిలాగే లేచి కాఫీ అడిగింది. ఆయనకు కూడా నమస్కారం. ప్రెసిషన్ మెడిసిన్, అంటే మనిషి జీన్లను బట్టి మందు ఎంచడం, లక్షల ఖరీదు చేసే కేన్సర్ మందుల మాటేమో అనుకునేవాణ్ని. మా ఇంట్లో అది ఇరవై రూపాయల లామినేషన్ కార్డు. అమ్మ దాన్ని వాసవీమాత పటం వెనక దాచింది, పర్సులో పెట్టుకోమ్మా అంటే వినదు. ఇంకో కాపీ చేయించాను.

డాక్టరు గారూ, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఆ రాత్రి నేనన్న మాటలకు క్షమించమని ఎదురుగా అడిగితే "అవన్నీ మాకు మామూలే" అన్నారు. మీకు మామూలు కావచ్చు గానీ, నేను అనకుండా ఉండాల్సింది.

ఆటో తమ్ముడు మాత్రం ఇంకా దొరకలేదు. హడావుడిలో పేరైనా అడగలేదు. పాతికేళ్లుంటాయి, ఆటో ముందు అద్దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఎవరికైనా తెలిస్తే కామెంటులో చెప్పండి. అమ్మ సున్నుండల డబ్బా ఒకటి అతని కోసం పక్కన పెట్టించింది, ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు.