బాపూ, పూల్‌లో అంత సామాను ఎందుకంటే

దుబాయ్,
ఆదివారం రాత్రి

బాపుకు, అమ్మకు శనార్తులు.

మొన్న తమ్ముడికి పంపిన ఫోటో చూసి నువ్వు ఫోన్‌లో అడిగావు కదా, "ఛాతీ లోతు నీళ్లకు గంత సామాను ఎందుకు బిడ్డా, సముద్రంల దిగినట్టు" అని. అప్పుడు నేను నేర్పే స్కూబా డైవింగ్ (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల అడుగున ఈదడం) క్లాస్‌కు టైమ్ అయిపోయి ఏదో చెప్పి పెట్టేశాను. కానీ ఆ మాట మనసులోనే ఉండిపోయింది, ఎందుకంటే ఇక్కడ మాలో మేమే దీని మీద వాదించుకుంటాం. కొంతమంది ఇన్‌స్ట్రక్టర్లు పూల్ మాత్రమే కదా అని టీ షర్టు మీదే సిలిండర్ తగిలించుకుని దిగుతారు. నేను దిగను.

ముందు, వీపు మీద ఆక్సిజనా అని అడిగిన అమ్మ భయం తీరుస్తాను. వీపు మీద ఉన్నది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. కంప్రెసర్‌తో నొక్కి నింపుతారు. పదకొండు లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో నింపితే రెండు వేల లీటర్ల పైచిలుకు గాలి పడుతుంది. ఆ గాలికే రెండున్నర కిలోల బరువుంటుంది బాపూ, గాలికి! అందుకే క్లాస్ మొదట్లో అడుగున ఉండే సిలిండర్ గాలి అయిపోవచ్చేసరికి తేలడం మొదలుపెడుతుంది, దానికి లెక్కగా నడుముకు సీసం బిళ్లలు కట్టుకుంటాం. పూల్‌ది మంచినీళ్లు కాబట్టి తక్కువ సీసం సరిపోతుంది, సముద్రపు ఉప్పునీళ్లు మనిషిని ఎక్కువగా తేలుస్తాయి కాబట్టి అక్కడ ఇంకో రెండు మూడు కిలోలు పెంచాలి. ఈ లెక్క పూల్‌లోనే నేర్పకపోతే ఫుజైరా సముద్రంలో పడవ దిగగానే పిల్లలు మునగలేక తేలలేక అవస్థ పడతారు.

ఫోటోలో నల్లగా ఉబ్బినట్టు కనిపించే జాకెట్‌ను బీసీడీ అంటాం. బటన్ నొక్కితే సిలిండర్ గాలి అందులోకి వెళ్లి మనం తేలుతాం, ఆ గాలి బయటకు వదిలేస్తే దిగుతాం. గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునేవి రెండు ఉంటాయి, ఒకటి నాకు, రెండోది పసుపు రంగుది పక్కవాళ్లకు. వాళ్ల గాలి అయిపోతే అది పట్టుకుని పీలుస్తారు. దాన్ని ఛాతీకి కుడిపక్కన, ఎవరి చేయి అయినా టక్కున అందేచోట తగిలిస్తాం.

ఆ పసుపుదాని గురించే నీకు చెప్పాలి. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, అప్పుడు పనిచేసిన చోట, దాచుకున్న డబ్బుతో నాకోసం వేరే రకం సెట్టు కొన్నాను. వీపున స్టీల్ పలక, రెండు మీటర్ల పొడుగు గొట్టం. ఆ పద్ధతిలో మన నోట్లో ఉన్నదాన్నే తీసి పక్కవాళ్లకు ఇవ్వాలి, మన కోసం రెండోది మెడ కింద రబ్బరు తాడుకు ఉంటుంది. చాలా మంచి పద్ధతి, లోతుకు వెళ్లేవాళ్లు దాన్నే వాడతారు. దాంతోనే పూల్ క్లాస్‌కు దిగాను. ఆ రోజు ముగ్గురే వచ్చారు కాబట్టి ఒక నర్సమ్మకు జంటగా నేనే ఉన్నాను. గాలి లేదని సైగ చేసి, తన నోట్లోది తీసేసి, నేర్పినట్టే నా ఛాతీ కుడిపక్కకు చేయి చాపింది. అక్కడ ఏమీ లేదు. నేను నా నోట్లోది తీసి ఇస్తున్నా ఆమెకు అర్థం కాలేదు, ఎందుకంటే ఆమెకు నేర్పింది అది కాదు. భయపడి పైకి లేచింది. రెండు మీటర్లే, కానీ ఊపిరి బిగబట్టి లేస్తే అంత లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, లోపలి గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది కాబట్టి. పట్టుకుని, గాలి వదలమని సైగ చేస్తూ ఆమెతో పాటే లేచాను. ఆమెకు ఏమీ కాలేదు. తప్పు ఆమెది కాదు, నాది. మరుసటి వారం ఆమె మళ్లీ వచ్చింది, నేను వాళ్లందరూ వేసుకునే జాకెట్టే వేసుకుని, పసుపుది వాళ్లకు ఎక్కడుందో నాకూ అక్కడే పెట్టుకున్నాను. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ సరిగ్గా దొరికింది.

అప్పటి నుంచి పూల్‌లో నా ఒంటి మీద ఏది ఉన్నా వాళ్ల ఒంటి మీద ఉన్నదే. నీళ్ల పైన ఊపిరి పీల్చే గొట్టం స్నార్కెల్‌తో సహా.

బాపూ, నీకు గుర్తుందా, మన బాయిలో మాకు ఈత నేర్పినప్పుడు ఎండిన ఆనపకాయ బుర్ర మా నడుముకు కట్టి, నువ్వు కూడా ఒకటి కట్టుకుని దిగేవాడివి. పెద్దబాపు గడ్డ మీద నిలబడి "ఈత వచ్చినోనివి, నీకెందుకురా" అంటే "పోరలు చూస్తరు" అన్నావు. ఆ మాట నేను ఇక్కడ కొత్త ఇన్‌స్ట్రక్టర్లకు ఇంగ్లిష్‌లో చాలాసార్లు చెప్పాను.

ఇంక ఒంటిని పట్టి ఉండే రబ్బరు సూటు, అంటే వెట్‌సూట్ సంగతి. పూల్ నీళ్లు 28 డిగ్రీలుంటాయి, దిగగానే వెచ్చగా అనిపిస్తాయి. కానీ నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి. మే నెలలో కూడా బాయిలో గంటసేపుంటే మా పెదవులు నల్లబడేవి కదా. పిల్లలు కదులుతూ ఉంటారు, నేను మూడు గంటలు మోకాళ్ల మీదే. అందుకే మూడు మిల్లీమీటర్ల మందం సూటు. క్లోరిన్‌కు ఇవన్నీ తొందరగా పాడవుతాయి, రంగు వెలిసిపోతుంది, అందుకే రోజూ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెడతాను. చాలామంది ఇందుకే పూల్‌కు పాత చిరుగుల సామాను వాడతారు, నాకు అది నచ్చదు. జేబులో కళ్లూ ముక్కూ మూసే ఇంకో మాస్కు, రాసుకోవడానికి పలక, గట్టు మీద ఆక్సిజన్ పెట్టె ఎప్పుడూ ఉంటాయి. అమ్మ అడిగిన ఆక్సిజన్ అదే, అవసరం పడితే వాడేది.

సద్దుల బతుకమ్మకు వారం ముందు వస్తున్నాను, టికెట్ అయింది. మాస్కులు రెండు తెస్తాను. బాయిలో ఇప్పుడు నీళ్లెంత ఉన్నాయో తమ్ముడిని తాడుకు రాయి కట్టి కొలవమను, మెట్లు పాచి పట్టి ఉంటే నేను వచ్చేదాకా పిల్లలను దిగనీయకండి.

నీ బిడ్డ