ఆదివారం మీటింగు: 8 గంటలకల్లా ముగిద్దాం

అక్కలూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్తే.

ఈ ఆదివారం రాత్రి 7 గంటలకు బొడ్రాయి పక్కన వేపచెట్టు కింద మన పొదుపు సంఘం మీటింగు. పొద్దంతా పత్తి ఏరి అలసిపోయి వస్తారు కాబట్టి 8కి ముగించాలని గట్టిగా అనుకున్నా. పోయినసారి మూడు గంటలు కూర్చున్నాం, పెళ్లి ముచ్చట్లు, చీరల ముచ్చట్లు అన్నీ అయినయి, అప్పు ఎవరికివ్వాలో మాత్రం తేలలేదు. తప్పు నాదే, నేనే ఆపలేదు.

ఈసారి రెండే విషయాలు: సంఘం అప్పులు, బ్యాంకు కిస్తు. అప్పు కావాల్సినవాళ్లు ఎంత, ఎందుకు, ఎన్ని నెలల్లో కడతారో శనివారం సాయంత్రంలోపు ఇక్కడే వాయిస్ పెట్టండి.

గుండ్రంగా కూర్చుందాం, లీడర్లకు కుర్చీలు వద్దు. ఎప్పుడూ నోరు విప్పనివాళ్లతోనే మొదలుపెడదాం, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు (ఎక్కువ మాట్లాడేది ఎవరో మీకు తెలుసు, నేనే). తీర్మానం రాశాక గట్టిగా చదివి వినిపిస్తేనే సంతకం పెట్టండి, ఖాళీ పేజీ మీద నేనడిగినా పెట్టొద్దు. పుస్తకాలు సరిగ్గా రాయడం కూడా పంచసూత్రాల్లో, అంటే సంఘం పాటించాల్సిన ఐదు నియమాల్లో, ఒకటని ట్రైనింగులో విన్నాం కదా, కట్టిన డబ్బు పాస్‌బుక్కులో ఎక్కించుకోకుండా లేవొద్దు.

పొదుపు డబ్బులు సరిపడా చిల్లరతో తెండి. రాలేనివాళ్లు ముందే చెప్పండి.

చదివినవాళ్లు "సరే" అని పెట్టండి, గుడ్ నైట్ పూల బొమ్మలు మాత్రం ఆదివారం దాకా ఆపండి, ఈ మెసేజ్ పైకి పోతుంది.